మామ చూపించిన లేపాక్షి

లేపాక్షి అనగానే మీకేం గుర్తుకొస్తుంది? పెద్ద బసవన్న, గాలిలో వేలాడే స్తంభం - అంతే కదూ! నాకూ మొన్న మొన్నటిదాకా అంతే. చిన్నప్పుడు స్కూలువాళ్ళు తీసుకెళితే స్తంభం కింద జేబురుమాలు దూర్చి, బసవన్న ముందు గ్రూపు ఫోటో దిగి, పులిహోర పొట్లం తిని ఇంటికొచ్చేశాను. గుళ్ళో తలెత్తి పైకి చూసిన జ్ఞాపకమే లేదు.

"లేపాక్షికి పోయి పైకి చూడకుండా వచ్చినావా? టాకీసుకు పోయి తెరకు వీపు పెట్టి కూర్చున్నట్లుందప్పా!" అని తిట్టాడు మా మామ.

మామంటే మా అమ్మ తమ్ముడు. సొంతవూరు హిందూపురం. మీలో చాలామంది పుట్టకముందు సంగతి ఇది. ఆ వూళ్ళో ఒక టాకీసుకు కొత్త సినిమా వచ్చిందంటే గేటు ముందు వేలాడే బ్యానరు ఆయన చేతిదే. ఇప్పటిలా కంప్యూటర్లో బొమ్మ వేసి, మిషన్లోంచి చాపలా చుట్టుకుని తెచ్చేది కాదు. చేతిలో ఇమిడే స్టిల్లు ఒకటి ఇచ్చేవారు. దానిమీద పెన్సిలుతో గళ్ళు గీసి, గుడ్డమీద అవే గళ్ళు పదింతలు పెద్దవిగా గీసి, ఒక్కో గడిలో వున్నదాన్ని ఒక్కో గడిలోకి ఎక్కించేవాడు. రంగుపొడులు అవిసెనూనెలో కలిపేవాడు. దగ్గరనుంచి చూస్తే ముక్కూ మూతీ ఏమీ తెలియవు, అంతా రంగుల గజిబిజి. రోడ్డుకు అవతల నిలబడితే - అరే, ఎన్టీఆర్! 'అడవి రాముడు' (1977) వేసినప్పుడు మామకు ఇరవైనాలుగేళ్ళు. ఆ బ్యానరులో బూటు ఒక్కటే తన నడుమెత్తు వచ్చిందని ఇప్పటికీ చెబుతాడు. చిరంజీవి 'ఖైదీ' (1983) నాటికి నిచ్చెన కింద రంగుడబ్బా పట్టుకుని నిలబడిన అసిస్టెంటును నేనే సుమండీ! నాకప్పుడు ఏడేళ్ళు.

ఒక పద్ధతి వుండేది ఆయనకు. అన్నీ అయ్యాక చిట్టచివర కళ్ళు పెట్టేవాడు. అప్పటిదాకా టీ కూడా ముట్టడు. కళ్ళు పెట్టి, కిందికి దిగి, రోడ్డు దాటి, అవతలనుంచి ఒకసారి చూసుకుని, అప్పుడు "టీ చెప్పు" అనేవాడు.

తరవాత ఫ్లెక్సీలొచ్చాయి. కొన్నాళ్ళు గోడలమీద సిమెంటు ప్రకటనలు రాశాడు, కొన్నాళ్ళు లారీల వెనక నెమళ్ళు వేశాడు. రాజకీయాలవాళ్ళూ ఫ్లెక్సీలకే పోయారు. నేను హైదరాబాదులో సినిమా వార్తలు రాసుకుంటూ హీరోల ఇంటర్వ్యూలు వందలు చేశానుగానీ, మామమీద ఇన్నేళ్ళలో నాలుగు వాక్యాలు రాయలేదు. ఈ మాట ఇక్కడ ఒప్పేసుకుంటే మంచిది.

ఆర్నెల్ల కిందట ఫోను చేశాడు.

"అల్లుడా, కుడికన్ను పూర్తిగా పాయె. నీటికాసులంట. ఎడమది కూడా ఎన్నాళ్ళుంటాదో చెప్పలేమన్నారు. ఇప్పటికి సొరంగంలోంచి చూసినట్ల వుంది. లేపాక్షికి ఒకసారి పోయొద్దాం, వస్తావా?"

తిరుపతికి కాదు, కాశీకి కాదు. లేపాక్షికి! ఏముంది మామా అక్కడ, అన్నాను. అప్పుడు పడ్డాయి పైన చెప్పిన తిట్లు.

కాచిగూడలో రాత్రి బండెక్కితే తెల్లారకముందే హిందూపురంలో దింపేసింది. మిరపకాయలకీ, చింతపండుకీ, బెల్లానికీ పేరుపడిన వూరు. సినిమా అభిమానులకైతే ఇంకో రకంగా తెలుసు. ఎన్టీఆర్ 1985, 1989, 1994 ఎన్నికల్లో శాసనసభకు గెలిచింది ఇక్కడినుంచే. 2014 నుంచి వరసగా మూడుసార్లు బాలకృష్ణ గెలిచిందీ ఇక్కడే. 1985 ఎన్నికలప్పుడు గోడలమీద ఎన్టీఆర్ బొమ్మలు వేసి వేసి భుజం పడిపోయిందట మామకు. "డబ్బులు సరిగ్గా ముట్టినాయా?" అంటే నవ్వి వూరుకున్నాడు.

పొద్దున్నే అత్త ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. బొరుగులు నానబెట్టి, పుట్నాలపొడి చల్లి తాలింపు వేసే ఈ ఉగ్గాని తినకుండా రాయలసీమ చూశామని చెప్పకండి, ఎవరూ నమ్మరు. అత్త నన్ను వాకిట్లోకి పిలిచి, "మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకో నాయనా. పట్టుకున్నట్ల తెలియకూడదు, కోపమొస్తాది" అంది.

హిందూపురానికీ లేపాక్షికీ దూరం సుమారు పదిహేను కిలోమీటర్లు. దారంతా వేరుశనగ చేలు, చింతచెట్లు, ఎవరో విసిరేసి మరిచిపోయినట్టు గుండ్లరాళ్ళు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. బస్సులో సగంమంది తెలుగు, సగంమంది కన్నడం, కండక్టరు రెండూ కలిపి ఒకటే భాష. బెంగుళూరునుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ ఇక్కడికి. వందా ఇరవై కిలోమీటర్లు, పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు.

ముందు బసవన్న దగ్గరికి నడిచాం. ఒకే రాయి. సుమారు ఇరవైఏడడుగుల పొడవు, పదిహేనడుగుల ఎత్తు. మెడలో గంటల పట్టెడ, ఒంటిమీద జూలు. ఇప్పుడే లేచి నిలబడతాడా అన్నట్టు తలెత్తి కూచున్నాడు. ఈ బసవన్నమీద పాట రాసిన అడివి బాపిరాజుగారు కవి, చిత్రకారుడే కాదు, మన సినిమావాడు కూడా. 1936లో వచ్చిన 'అనసూయ', 'ధ్రువవిజయం' చిత్రాలకు కళాదర్శకుడాయన. బొమ్మలు వేసేవాళ్ళు లేపాక్షికి రావడమూ, లేపాక్షినుంచి సినిమాకు పోవడమూ మా మామతో మొదలు కాలేదన్నమాట.

మామ బసవన్న ఒంటిమీద చెయ్యి వేసి చుట్టూ తిరిగాడు. చూశాడో తడిమాడో నేను అడగలేదు.

గుడి అక్కడికి నాలుగడుగులే. కూర్మశైలమని, తాబేలు వీపులాంటి చిన్న రాతిగుట్ట. దానిమీద వీరభద్రస్వామి ఆలయం. కట్టించింది విరూపణ్ణ. తమ్ముడు వీరణ్ణ తోడు. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన రోజులు, అంటే 1529-1542 మధ్యకాలం. పెనుకొండలో రాజుగారి ఖజానాకు విరూపణ్ణ అధికారి. గోడలమీద కన్నడంలో చెక్కిన శాసనాలు ఏ వూరు, ఎంత భూమి గుడికి రాసిచ్చారో లెక్కలు చెబుతాయి.

ఇక కథ మీకు తెలిసిందే. రాజు ఊళ్ళో లేనప్పుడు ఖజానా సొమ్ము తీసి గుడి కట్టేశాడట. రాజు వచ్చి చూసి, కళ్ళు పీకేయమన్నాడట. రాజభటులకు శ్రమ దేనికని విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడట. కల్యాణమంటపం దగ్గర గోడమీద రెండు ఎర్రమరకలు చూపిస్తారు. లోపించిన అక్షి - అందుకే లేపాక్షి అంటారు. ఇంకో కథ రామాయణంలోది. రెక్కలు తెగి పడివున్న జటాయువును చూసి రాముడు 'లే, పక్షీ' అన్నాడట. మన పౌరాణిక చిత్రాల్లో రెండు క్లైమాక్సులు తీసి ఏది బాగుంటే అది వుంచుకునేవాళ్ళే, అలా వుంది సంగతి!

మామకు మాత్రం మొదటి కథ గిట్టదు.

"గుడి కట్టినోడు గుడ్డోడై తిరిగినాడని చెప్పుకోవడం ఏం సంబడమప్పా? ఆయన బొమ్మ లోపల పైన వుంది. రెండు కళ్ళూ వున్నాయి. ఇంతింత. నేను చూసినా."

పెద్ద గుమ్మం దాటి, ప్రాకారం దాటి లోపలికెళితే నాట్యమంటపం. ఇక్కడ మీరు, నేను - అంటే సినిమా పత్రిక చదివేవాళ్ళూ రాసేవాళ్ళూ - కాసేపు ఆగాలి. మధ్యలో ఖాళీ జాగా, చుట్టూ స్తంభాలు. ఒక్కో స్తంభంమీద ఒక్కొక్కరు. టైటిల్ కార్డు వేసుకుందాం: నాట్యం రంభ. నృత్యదర్శకత్వం మూడుకాళ్ళ భృంగి. మృదంగం బ్రహ్మ. వీణ తుంబురుడు. నటరాజు స్వయంగా హాజరు! ఎవరి స్తంభంమీద వాళ్ళు నిలబడి అందరూ కలిసి ఒకే పాటకు పనిచేస్తున్నట్టుంటారు. పైన నడినెత్తిన పెద్ద రాతి పద్మం విచ్చుకుని వుంటుంది. స్పాట్‌లైటు ఒక్కటే తక్కువ.

వేలాడే స్తంభం కూడా ఈ మంటపంలోదే. నేలకు పూర్తిగా ఆనదు. ఒక కొత్తపెళ్ళికొడుకు భార్య పైటచెంగు ఇటునుంచి అటు లాగుతున్నాడు, గైడు "సైన్సుకే అంతుపట్టలేదు సార్!" అంటున్నాడు. బ్రిటిషువారి కాలంలో ఒక ఇంజనీరు దీని గుట్టు తేల్చుదామని కదపబోతే మిగతా స్తంభాలు కూడా పక్కకు జరిగాయని చెబుతారు. జనమంతా అక్కడే కింద పడి చూస్తున్నారు. మామ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"కింద చూసేవాళ్ళను చూడనీ. నువ్వు పైకి చూడు."

చూశాను. మొదట ఏమీ కనబడలేదు. ఎండలోంచి వచ్చిన కళ్ళకు నల్లటి కప్పు, దూలాలు. నిమిషం గడిచాక, టాకీసులో లైట్లు ఆర్పాక తెర వెలిగినట్టు, ఒక్కొక్కటే బయటికొచ్చాయి. దూలానికీ దూలానికీ మధ్య పొడుగాటి పట్టీలు. పట్టీనిండా మనుషులు! సున్నపు పూతమీద ఎర్రమట్టి రంగు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ. నల్లటి గీతతో కట్టిన అంచులు. మొగవాళ్ళకు పొడుగాటి కుళ్ళాయిలు. ఆడవాళ్ళ చీరలైతే చెప్పనక్కర్లేదు. గళ్ళు, చారలు, చుక్కలు, పువ్వులు. ఒక చీర మళ్ళీ ఇంకోచోట కనబడితే ఒట్టు! మన కాస్ట్యూము డిజైనర్లు ఫారిను మ్యాగజైన్లు పక్కనపెట్టి ఒకసారి ఇక్కడ పడుకుని పైకి చూస్తే బాగుంటుంది. చూసినవాళ్ళు లేకపోలేదు. చీరల అంచుల్లో లేపాక్షి డిజైనని పేరే వుంది. మన ప్రభుత్వ హస్తకళల దుకాణాలకూ లేపాక్షి పేరే పెట్టారు.

"ఏం కనపడతాంది?" అన్నాడు మామ.

"నీకు కనబడ్డం లేదా?"

"మబ్బుగా వుంది. ఎరుపు తెలుస్తాంది. చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. ఒకాయన ఒంటికాలిమీద నిలబడి తపస్సు చేస్తున్నాడు. మామ అందుకున్నాడు. "అర్జునుడు. పక్కకు రా. అడవి. పంది వుండాలే?" వుంది! "దానికి రెండు పక్కల్నించీ బాణాలు. ఒకటి అర్జునుడిది, ఒకటి బోయవాడిది. బోయవాడంటే శివుడు. ఇంకొంచెం జరుగు, ఇద్దరూ కొట్టుకుంటాంటారు." కిరాతార్జునీయం. బాపు 'భక్త కన్నప్ప' (1976)లో కృష్ణంరాజుమీద తీసిన ఘట్టం చూసినవాళ్ళకు కథ వివరించి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ అదే అర్జునుడు పట్టీలో మళ్ళీ మళ్ళీ వస్తుంటాడు. ఒకచోట తపస్సు, ఒకచోట వేట, ఒకచోట యుద్ధం. మనం నడిస్తే కథ నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. రీలు కదలదు, ప్రేక్షకుడే కదులుతాడు. సినిమా పుట్టడానికి మూడున్నర శతాబ్దాల ముందు మాట!

అలా మంటపమంతా తిరిగాం. మెడ పట్టేసింది నాకు. మామ ఒక స్తంభానికి వీపు ఆనించి, కళ్ళు మూసుకునే డైరెక్షను చేస్తున్నాడు. "ఎడమకు. ద్రౌపది స్వయంవరం. ఇంకా పో. పార్వతి పెళ్ళి. చేతులు పట్టించేవాళ్ళ ముఖాలు చూడు." "ఆవూ దూడా వుందా? దూడను తొక్కించిన కొడుకునే రథం కింద వేయించిన రాజు కథ." నేను చూసి వుందని చెబుతున్నాను. యాభై ఏళ్ళుగా ఎన్నిసార్లు వచ్చాడో, ఒక్క బొమ్మ తప్పు చెప్పలేదు. ఎవరో ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు ఆయన్ని గైడనుకుని మా వెనకాలే రావడం మొదలెట్టారు.

మర్రాకుమీద పడుకున్న చిన్నికృష్ణుడి బొమ్మ దగ్గర అసలు గైడు దొరికిపోయాడు. "ఎటునుంచి చూసినా కృష్ణుడు మిమ్మల్నే చూస్తాడు, అదే ఇక్కడి మహిమ" అన్నాడతను. కుర్రాళ్ళు అటూ ఇటూ నడిచి నిజమేనన్నారు. మామ నోరు వూరుకోదుగా!

"నల్లగుడ్డు కంటికి సరిగ్గా నడిమధ్యన పెడితే ఎవరినైనా చూస్తాదప్పా. నా బ్యానర్లలో కృష్ణ అంతే, కృష్ణంరాజు అంతే. నేల టికెట్టోడు నన్నే చూస్తాండాడనుకోవాల, కుర్చీ టికెట్టోడూ అట్లే అనుకోవాల. లేకుంటే టికెట్లెట్ల తెగుతాయి?"

గైడు కూడా నవ్వేశాడు.

ఆ తరవాత జరిగిందే నాకు మింగుడుపడనిది.

ఒక మూలకు తీసుకెళ్ళమన్నాడు. "ఇక్కడ, ఈ దూలం పక్క పట్టీలో ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి వుంటారు. నడిమధ్య ఆమె చీర చూడు. నల్లగళ్ళు, గడికొక తెల్లచుక్క, అంచులో హంసలు వరసగా. చూసినావా? ఆ అంచు నేనొకసారి ఒక హీరోయిన్‌కు వేసేసినా. స్టిల్లులో మామూలు చీరే. నాకే మనసు పుట్టి, రాత్రంతా కూర్చొని హంసలు వేస్తి. పొద్దున్నే టాకీసు ఓనరు వచ్చి, హీరోయిన్ చీర మార్చేదానికి నువ్వెవరయ్యా అని ఒకటే తిట్లు. ఆ వారం కూలి కోసినాడు. కానీ ఆడోళ్ళు బ్యానరు కింద నిలబడి అంచు చూసుకుంటాండ్రి. ముప్పై ఏండ్లలో నా సొంతంగా వేసింది అదొక్కటే అల్లుడా. మిగతావన్నీ ఎవరో ఇచ్చిన స్టిల్లులే."

నేను పైకి చూశాను. కుడిపక్కన ఒకామె వుంది. ఎడమపక్కన ఒకామె వుంది. మధ్యలో పెచ్చు వూడిపోయి బూడిదరంగు మచ్చ. కింద ఒక పాదం, పైన ఎత్తిన చేతివేళ్ళు. చీర లేదు. హంసలు లేవు.

"వుంది కదా?"

"వుంది మామా" అన్నాను.

"హంసలు?"

"వున్నాయి."

ఆయన తల వూపాడు. మరి మాట్లాడలేదు. నాలుగున్నర వందల ఏళ్ళు దాటిన రంగులు. వాననీళ్ళు, దీపాల మసి, గబ్బిలాలు, చేతులు వూరుకోని మనుషులు అన్నీ తట్టుకుని ఇంత మిగలడమే గొప్ప అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. 2022లో ఈ గుడినీ బసవన్ననూ ప్రపంచ వారసత్వ కట్టడాల తాత్కాలిక జాబితాలో చేర్చారు. మంచిదే. కానీ ఆ హంసలమ్మ ఏ జాబితాకూ అందదు.

గర్భగుడి ముందు మంటపం కప్పుమీద వీరభద్రుడు నిలువెల్లా పరుచుకుని వున్నాడు, పాతికడుగుల దాకా. డెబ్బయి ఎం.ఎం. అంటే అదీ! విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో కలిసి దణ్ణం పెడుతున్న బొమ్మలూ కప్పుమీద వున్నాయి. మామ చెప్పింది నిజమే. విరూపణ్ణకు కళ్ళున్నాయి.

దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి ఎండ ముదిరింది. మీరు వెళితే పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నమైతే నేలమీది రాయి కాళ్ళను అట్టు కాల్చినట్టు కాలుస్తుంది. ఏడుపడగల నాగలింగం దగ్గర ఫోటోలవాళ్ళ గుంపు. పెద్ద గుండును చెక్కి చుట్టలు చుట్టుకున్న పాముగా చేసి, పడగల నీడలో లింగాన్ని పెట్టారు. శిల్పుల తల్లి వంట పూర్తిచేసేలోగా ఖాళీగా వుండలేక చెక్కేశారని కథ. ఆవిడ ఆరోజు ఏం వండిందో కనుక్కోవాలి! కాస్త అవతల సీతమ్మ పాదమని పెద్ద అడుగు, అందులో ఎప్పుడూ చెమ్మ.

ఆవరణలో నేలబండమీద ఇంకొకటుంది. ఎక్కువమంది దాటుకుంటూ పోతారు. పళ్ళేల్లా గుండ్రంగా తొలిచిన గుంటలు, వాటిలో చిన్న చిన్న అరలు. పనివాళ్ళు అన్నం తినడానికి చెక్కుకున్న కంచాలని కొందరు, బొమ్మలవాళ్ళు రంగులు కలుపుకోవడానికని కొందరు అంటారు. మామ అక్కడ గొంతుక్కూచున్నాడు. తువ్వాలు తీసి గుంటలో దుమ్ము తుడిచాడు. అరల్లో ఒక్కొక్కదాంట్లో వేళ్ళు పెట్టి అంచులు తడిమాడు.

"పప్పుకొక అర, కూరకొక అర అంటారే, అది కాదప్పా. చూడు, మధ్యలోది పెద్దది, లోతు తక్కువ. పక్కవి చిన్నవి. పక్కల్లోంచి కొంచెం కొంచెం తీసి మధ్యలో కలుపుకొనేదానికి. నేను కొబ్బరిచిప్పలు ఇట్లనే పెట్టుకుంటా వుంటి."

నిజమో కాదో పండితులు తేల్చాలి. నాకు మాత్రం ఆ ఎండలో కూచుని రాతిగుంటలో వేలు తిప్పుతున్న మనిషి మాటే నమ్మాలనిపించింది.

చివరగా కల్యాణమంటపం. శివపార్వతుల పెళ్ళికని మొదలుపెట్టింది. స్తంభాలమీద దేవతలూ, ఋషులూ పెళ్ళివారిలా నిలబడి వున్నారు. కప్పు లేదు. పని ఆగిపోయింది. ఫైనాన్సు ఆగిపోయి సెట్టు మధ్యలో వదిలేసిన పెద్ద సినిమాలా వుందంటే తప్పుగా అనుకోకండి. ఆర్టిస్టులంతా మేకప్పు వేసుకుని వచ్చేశారు, నిర్మాత మాత్రం కనబడ్డం లేదు. పక్కనే లతామంటపం, స్తంభస్తంభానికీ ఒక కొత్త లతల డిజైను. గోడమీది రెండు మరకల దగ్గర జనం మూగివున్నారు. మామ అటు రానన్నాడు. నేనొక్కణ్ణే వెళ్ళి చూసొచ్చాను. ఎర్రగానే వున్నాయి. రక్తమా, రాతిలో ఇనుమా, నాకెందుకు.

బస్సులో తిరిగొస్తూ నిద్రపోయాడు. హిందూపురంలో దిగాక, "సినిమాకు పోదామా?" అన్నాడు. ఏ సినిమా అంటే ఏదైనా ఫరవాలేదన్నాడు. అత్తకు ఫోను చేసి ఫస్ట్ షోకు వెళ్ళాం. ఒకప్పుడు ఆయన బ్యానరు కట్టిన టాకీసు లేదు, అక్కడ ఇప్పుడు షాపులు. ఇంకో థియేటరు. గేటు ముందు ఫ్లెక్సీలో హీరో కత్తి పట్టుకుని ఎటో చూస్తున్నాడు.

"ఎవరు హీరో?"

చెప్పాను.

"ఎటు చూస్తాండాడు?"

"పక్కకి."

"అదే మరి" అన్నాడు.

జీవితంలో మొదటిసారి ముందు వరసలో కూచుంటానన్నాడు. అక్కడైతే ఎడమకంటికి కొంచెం అందుతుందట. పాటల్లో రంగులు మారినప్పుడల్లా ముందుకు వంగుతున్నాడు. నేను తెర చూడలేదు, మచ్చ చూస్తున్నాను. బూడిదరంగు మచ్చ.

ఇంటర్వెల్‌లో టీ తెచ్చి చేతికిచ్చాను. ఇక ఆగలేక చెప్పేశాను.

"మామా, ఆ నడిమధ్య ఆమె లేదు. పెచ్చు వూడిపోయింది. నేను అబద్ధం చెప్పాను."

టీ సగం తాగేదాకా మాట్లాడలేదు. కోపమొచ్చిందనుకున్నాను.

"పోయినసారి వచ్చినప్పుడు నాకు కనపడలే" అన్నాడు. "ఎనిమిదేండ్లయితాది. మీ అత్తకు కూడా చెప్పలే. నా కన్నే పోతాంది, బొమ్మకేం, అట్లనే వుంటాదిలే అనుకుంటి. అప్పుడు డాక్టరు దగ్గరికి పోతి. ఆయన కూడా కన్నే అన్నాడు. సరే, బొమ్మ వుంది కదా అనుకుంటి."

నాకు ఏమనాలో తోచలేదు. సమోసాలవాడు అరుచుకుంటూ మా మధ్యలోంచి వెళ్ళిపోయాడు.

"అంచు నాకు గుర్తుందిలే" అన్నాడు మామ గ్లాసు నాకిచ్చేస్తూ. "ఎన్ని హంసలో కూడా గుర్తుంది. రేపు నీ బండి ఎన్ని గంటలకు? పొద్దున్నే పోయి పెద్ద తెల్లకాగితం తీసకరా. బొగ్గు ఇంట్లో వుంది. గీసిస్తా, తీసకపో."

బెల్లు మోగింది. లైట్లు ఆరిపోయాయి. నేనింకా గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి వున్నాను.

"పద పద, బొమ్మ పడింది" అన్నాడు.